కొట్టే పిల్లవాడు, నేరం చేసిన మనిషి: మధ్యలో ఏం జరిగింది?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఒక ఫొటో. ముసుగులు తొడిగిన నిందితులు ముందు, పోలీసులు వెనక. కింద పేర్లు. వాటిలో ఒక పేరు చూసి ఎవరో ఉలిక్కిపడతారు: మన సెక్షన్ వాడే! సాయంత్రానికి ఆ బ్యాచ్‌లో అందరి ఫోన్లూ మోగుతాయి. హత్య కేసు అని తెలిశాక కూడా ఆశ్చర్యపోయేవాళ్లు తక్కువ. "వాడు అప్పుడే అలాంటివాడు" అన్న మాట అందరి నోటా వస్తుంది. ఒకరికి వాడు లాక్కున్న టిఫిన్ డబ్బా గుర్తొస్తుంది, ఇంకొకరికి కంపాస్ ముల్లుతో పొడిచిన తొడ. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఎవరో ముక్తాయిస్తే ఇక చర్చ ముగిసినట్టే.

నిజానికి అక్కడ ముగియకూడదు. తోటివాళ్లను హింసించిన పిల్లవాడు పెద్దయ్యాక నేరంలోకి దిగడం ఎంత తరచుగా జరుగుతుంది? ఎందుకు జరుగుతుంది? ఎప్పుడు జరగదు? ఈ విషయంలో మన జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగిన సాక్షి? అరవై ఏళ్లుగా స్వీడన్ నుంచి న్యూజీలాండ్ దాకా పరిశోధకులు పిల్లల వెంటబడి, వాళ్లు ముసలివాళ్లయ్యేదాకా లెక్కలు కట్టారు. ఆ లెక్కలను మన బళ్ల అనుభవం పక్కన పెట్టి చూస్తే బ్యాచ్ మిత్రుల తీర్పు సగం ఒప్పు, సగం తప్పు. నష్టం చేసేది ఆ తప్పు సగమే.

ప్రశ్న మాత్రం కొత్తది కాదు. రామాయణంలో సగరుడి కొడుకు అసమంజసుడు అయోధ్య వీధుల్లో ఆడుకునే పిల్లలను పట్టుకుని సరయూ నదిలో విసిరేసేవాడు. వాళ్లు మునిగిపోతుంటే చూసి నవ్వేవాడు. ఊరి జనం మొరపెట్టుకుంటే రాజు సొంత కొడుకును దేశం నుంచి వెళ్లగొట్టాడు. రాముణ్ణి అడవికి పంపడానికి కైక ఈ కథనే పూర్వాచారంగా చూపిస్తుంది. వాడు పసిపిల్లలను చంపినవాడు, రాముడు ఏ తప్పు చేశాడని సిద్ధార్థుడనే పెద్ద మంత్రి ఆమెను నిలదీస్తాడు. అదే మనిషి భాగవతానికి వచ్చేసరికి మారిపోతాడు. పూర్వజన్మలో యోగి, సంగదోషం వల్ల భ్రష్టుడై మళ్లీ పుట్టాడు, లోకం తనను వదిలేయాలని కావాలనే అలా చేశాడు, వెళ్లిపోయేముందు నదిలో పోయిన పిల్లలందరినీ యోగబలంతో బతికించి చూపాడు. ఒకే దుర్మార్గుడి గురించి రెండు జ్ఞాపకాలు. రెండింటిలోనూ మారనిది ఒకటుంది: అతని కొడుకు అంశుమంతుడు అందరి మెప్పూ పొందిన మంచివాడు, ఆ అంశుమంతుడి మనుమడే భగీరథుడు. 'రక్తంలోనే ఉంది' అనేవాళ్లు ఈ వంశవృక్షాన్ని ఒకసారి చూసుకోవాలి.

ఇక లెక్కలు. బడిలో పిల్లలు పిల్లలను హింసించడాన్ని పద్ధతిగా కొలవడం మొదలుపెట్టింది డాన్ ఓల్వేయస్, 1970ల తొలినాళ్లలో, స్వీడన్‌లో. ఆ తర్వాత ఆయన నార్వేలో స్థిరపడ్డారు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమని తెలిసి దేశం కదిలిపోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వమే దేశవ్యాప్తంగా కార్యక్రమం చేపట్టింది. బెర్గెన్‌లో 42 బళ్లలో, దాదాపు 2,500 మంది పిల్లల మధ్య ఓల్వేయస్ తన పద్ధతిని అమలుచేసి చూస్తే రెండేళ్లలో వేధింపులు సుమారు సగానికి పడిపోయాయి. ఈ తగ్గుదల గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. అందరూ ఎత్తిచూపేది ఆయన స్వీడన్ లెక్కను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి మధ్య తోటివాళ్లను హింసించేవారిగా గుర్తించిన అబ్బాయిల్లో సుమారు 60 శాతం మందికి 24 ఏళ్లు వచ్చేసరికి కనీసం ఒక కేసులో శిక్ష పడింది. 35 నుంచి 40 శాతం మందికి మూడు, అంతకుమించిన కేసుల్లో పడింది. కొట్టనివాళ్లు, దెబ్బలు తిననివాళ్లు అయిన మామూలు అబ్బాయిల్లో మూడు కేసులకు చేరినవాళ్లు 10 శాతమే.

తేడా చిన్నది కాదు. బ్యాచ్ మిత్రుల తీర్పులో ఒప్పు సగం ఇదే. అదే అంకెను తిప్పి చదివితే, కొట్టేవాళ్లని ముద్రపడిన అబ్బాయిల్లో పదిమందికి నలుగురు ఏ కేసులోనూ శిక్ష పడకుండా పాతికేళ్ల దరికి వచ్చారు. పైగా శిక్ష పడిన నేరం అంటే హత్యే కానక్కర్లేదు. దొంగతనం, కొట్లాట, తాగి చేసిన గొడవ అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి.

దీనికి సరైన రూపం ఇచ్చినవారు లీ రాబిన్స్. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒకప్పుడు పిల్లల మానసిక చికిత్సాలయానికి వచ్చిన 524 మందిని, దాదాపు ముప్ఫై ఏళ్లు గడిచాక, ఆవిడ వెతికి పట్టుకుని 1966లో పుస్తకం రాశారు. ఆవిడ తేల్చినవి రెండు మాటలు. పెద్దయ్యాక సంఘానికి ముల్లుగా మారినవాళ్లలో దాదాపు అందరికీ అలాంటి బాల్యమే ఉంది. అలాంటి బాల్యం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అలా మారలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం. జైలు గేటు దగ్గర నిలబడి వెనక్కి చూసేవాడికి మొదటి మాటే కనిపిస్తుంది. బడి గేటు దగ్గర నిలబడి ముందుకు చూసేవాడికి రెండోది కనిపిస్తుంది. పత్రికలో ఫొటో చూసి మాట్లాడే మనమంతా జైలు గేటు దగ్గరే నిలబడి ఉంటాం.

అంకగణితం కూడా మన మిత్రులకు అనుకూలంగా లేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కన 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. అంటే లక్ష జనాభాకు రెండు చొప్పున. మరి 'మా క్లాసులో ఒకడుండేవాడు' అని చెప్పనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ప్రతి తరగతిలోనూ, ప్రతి హాస్టల్ గదిలోనూ ఒకడుంటాడు. వాళ్లందరూ ఆ దారి పట్టి ఉంటే ఈ అంకె ఎక్కడో ఉండేది. మనకు తారసపడిన ఒక్కడిని పట్టుకుని సూత్రం అల్లుకుంటున్నాం. పత్రికకెక్కని వేలమంది మన లెక్కలోకి రావడం లేదు.

లండన్ దక్షిణాన కార్మికవాడల్లో 1961లో ఎనిమిది, తొమ్మిదేళ్ల అబ్బాయిలు 411 మందిని ఎంచుకుని డోనల్డ్ వెస్ట్ మొదలుపెట్టిన అధ్యయనాన్ని డేవిడ్ ఫారింగ్టన్ దశాబ్దాల పాటు నడిపారు. వాళ్లకు యాభై ఏళ్లు వచ్చేసరికి 41 శాతం మందికి ఏదో ఒక కేసులో శిక్ష పడింది. ఆ శిక్షల్లో దాదాపు సగం కేవలం 7 శాతం మందివే. పద్నాలుగో ఏట తోటివాళ్లను హింసించినవాళ్లు ముప్ఫై రెండో ఏట కూడా అలాగే ఉండే అవకాశం ఎక్కువనీ, వాళ్ల పిల్లలు కూడా బళ్లో అదే పని చేసే అవకాశం ఎక్కువనీ ఫారింగ్టన్ గమనించారు. 2011లో ఆయన, మరియా టోఫీ తదితరులు పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు బడి హింసకూ తర్వాతి నేరానికీ సంబంధం స్పష్టంగానే తేలింది. అయితే పేదరికం, ఇంటి పరిస్థితి, చిన్నప్పటి ఇతర లక్షణాలను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం పలచబడింది. పూర్తిగా మాయం కాలేదు. కొట్టడం అనేది తర్వాతి నేరానికి కొంత కారణం, కొంత అదే నేల నుంచి మొలిచిన ఇంకో మొక్క.

కొట్టే పిల్లలందరూ ఒక్క జాతి కాదని చెప్పినవారు టెర్రీ మాఫిట్. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా పుట్టిన 1,037 మంది పిల్లల జీవితాలను ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. వాళ్ల ఆధారంగా 1993లో మాఫిట్ ఒక విభజన చేశారు. ఒక గుంపు పిల్లలు పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక గాడి తప్పుతారు. మీసాలొచ్చే వయసు తెగువ అది. ఉద్యోగం, పెళ్లి వచ్చేసరికి చాలావరకు దారిలో పడతారు. మరో చిన్న గుంపు ఉంది. వాళ్ల తీరు మూడు, నాలుగేళ్లకే తేడాగా ఉంటుంది. మాట ఆలస్యం, నిలకడ లేకపోవడం, ఇంట్లో కఠినత్వం, ఇవన్నీ ఒకదానికొకటి తోడై బళ్లోకీ, వీధిలోకీ, తర్వాత కోర్టు దాకా నడిపిస్తాయి. గొడవంతా ఎక్కడంటే, పద్నాలుగో ఏట చూస్తే ఈ ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఒకేలా కొడతారు, ఒకేలా బూతులు తిడతారు. తేడా తెలియాలంటే ఆ పిల్లవాడి ఒకటో తరగతి టీచరును అడగాలి. మన బళ్లలో తొమ్మిదో తరగతి మాస్టారుకూ ఒకటో తరగతి టీచరుకూ ముఖపరిచయం కూడా ఉండదు.

కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే ఇంకా వెనక్కి వెళ్లారు. మాంట్రియల్ పేదవాడల్లో ఆయన ఎంచుకున్న అబ్బాయిలు కూడా 1,037 మందే. ఈ పోలిక కాకతాళీయం, చదివే విద్యార్థులను తికమక పెట్టడం తప్ప దానికి వేరే అర్థం లేదు. ఆరో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా చూస్తే వాళ్లలో విడవకుండా కొడుతూనే ఉన్నవాళ్లు సుమారు 4 శాతం. మిగతావాళ్లలో కొట్టేవాళ్లు కూడా ఏటేటా తగ్గిస్తూ వచ్చారు. ట్రెంబ్లే చెప్పిన అసలు విశేషం వేరే ఉంది. మనిషి జీవితంలో చేయి ఎక్కువగా లేచేది యవ్వనంలో కాదు, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య. కొరకడం, గిల్లడం, బొమ్మ లాక్కుని నెత్తిన కొట్టడం. ఆ వయసులో చేతిలో కత్తి లేకపోబట్టి సరిపోయింది. అంటే పిల్లవాడు కొట్టడం నేర్చుకోడు, కొట్టకుండా ఉండటం నేర్చుకుంటాడు. ఎవరో ఒకరు ఓపికగా నేర్పితేనే అది వస్తుంది. నేర్పేవాళ్లు ఇంట్లో లేకపోతే బడి నేర్పాలి. బడి కూడా బెత్తం పట్టుకుంటే ఇక వాడు ఎక్కడ నేర్చుకోవాలి?

ఇక్కడ జ్ఞాపకం సంగతి చూడాలి, ఎందుకంటే మన దగ్గర ఉన్న సాక్ష్యమంతా అదే. నేను చదివిన బళ్లో ఒకడుండేవాడు. ఫెయిలవుతూ వచ్చి మాతో కలిసినవాడు, మా అందరికంటే ఒడ్డూ పొడవూ ఎక్కువ. తర్వాత భూముల సెటిల్‌మెంట్ల గొడవలో హత్య కేసులో జైలుకెళ్లాడు. నీళ్ల ట్యాంకు వెనక ఒక చిన్నపిల్లవాణ్ణి వాడు చావగొట్టిన రోజును మా బ్యాచ్‌లో చాలామంది చూశారు. ఇప్పుడు ముగ్గురం కూర్చుని చెప్పుకుంటే ఒకడు బెల్టుతో కొట్టాడంటాడు, ఇంకొకడు సైకిల్ చైన్ అంటాడు. నాకు గుర్తున్నది బెత్తం, హెడ్మాస్టరు గది నుంచి ఎత్తుకొచ్చింది. సైకిల్ చైన్ అనేవాడి జ్ఞాపకంలోకి 1989లో వచ్చిన 'శివ' సినిమా దూరిందని నా అనుమానం. ఆ సినిమా తర్వాత తెలుగుదేశంలో ఏ కొట్లాటను తలుచుకున్నా చేతిలో చైన్ లేకుండా గుర్తురాదు. మేం ముగ్గురమూ ఏకీభవించేది ఒక్కదానిలో: వాడు సాయంత్రం ఏ ఇంటికి వెళ్లేవాడో, ఎందుకు ఫెయిలవుతూ వచ్చాడో మాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మాకే కాదు, అందరికీ ఇంతే. 1962లో పద్నాలుగేళ్ల అబ్బాయిలను వాళ్ల ఇల్లు, చదువు, శిక్షలు, స్నేహాల గురించి అడిగి రాసిపెట్టుకున్న డానియల్ ఆఫర్ బృందం, వాళ్లకు 48 ఏళ్లు వచ్చాక 67 మందిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగింది. ఆ వయసులో మీరెలా ఉండేవారని అడిగితే వచ్చిన జవాబులు, నాణెం ఎగరేసి చెప్పినదానికంటే మెరుగ్గా లేవు. ఇంకో అధ్యయనం మరీ సొగసైనది. 1972లో నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు వెళ్లే ముందు ఏమేం జరగొచ్చో అంచనా వేయమని బారుక్ ఫిష్‌హాఫ్, ఆయన సహ పరిశోధకురాలు కలిసి విద్యార్థులను అడిగారు. పర్యటనలయ్యాక, అప్పట్లో మీరు ఏమన్నారో గుర్తుచేసుకోమన్నారు. జరిగిన సంఘటనలను తాము ముందే గట్టిగా ఊహించామని చాలామంది నమ్మారు. కాగితం మీద మాత్రం అలా లేదు. "నాకప్పుడే తెలుసు" అనే మాటకు ఇంతకంటే శాస్త్రీయమైన చురక లేదు.

మా తరగతిలోనే ఇంకొకడుండేవాడు. నిజం చెప్పాలంటే మొదటివాడికంటే గట్టిగా కొట్టేవాడు. ఇప్పుడు ఎరువుల కొట్టు పెట్టుకుని, రైతులకు అప్పు మీద బస్తాలిస్తూ, ఊళ్లో మంచిపేరుతో ఉన్నాడు. వాడి దెబ్బల గురించి మాట్లాడుకున్నప్పుడు అందరం నవ్వుతాం. మొదటివాడివి నేరానికి తొలి అడుగులు, వీడివి అల్లరి. దెబ్బ మాత్రం ఒకటే.

భారతం ఆదిపర్వంలోనూ ఇదే జరిగింది. చిన్నప్పుడు భీముడు కౌరవులను జుట్టు పట్టి ఈడ్చాడు, నీళ్లలో ముంచాడు, పళ్ల కోసం చెట్టెక్కినప్పుడు చెట్టును ఊపి కింద పడేశాడు. అది ద్వేషంతో కాదు, బాల్య చాపల్యంతో అని కథే సర్దిచెబుతుంది. నూరుమందిలో పెద్దవాడు ఆ దెబ్బలను మరచిపోలేదు. ప్రమాణకోటి దగ్గర భీముడికి విషం పెట్టి గంగలో తోయించాడు. పాండవులు గెలిచారు కాబట్టి భీముడి బాల్యం మనకు వినోదం. ఇది దుర్యోధనుణ్ణి వెనకేసుకురావడం కాదు. దెబ్బలు తిని, తిరిగి కొట్టే పిల్లల గురించి నేటి పరిశోధన చెప్పేదానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు దొరకలేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1,420 మంది పిల్లలను చూసిన విలియం కోప్‌లాండ్ బృందం 2013లో ప్రచురించిన ఫలితాల్లో, పెద్దయ్యాక మనసు అందరికంటే ఛిద్రమైనది ఈ రెండు పాత్రలూ మోసినవాళ్లదే. కేవలం కొట్టినవాళ్లకు సంఘవిరోధ స్వభావం ముప్పు ఎక్కువగా ఉంది. దెబ్బలు తిని కొట్టినవాళ్లకు భయం, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు తోడయ్యాయి.

ఆ దెబ్బలు ముందు ఎక్కడ తిన్నారు? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ బాలల వేధింపుల మీద జరిపిన జాతీయ అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనవాళ్లే. బడికెళ్లే పిల్లల్లో 65 శాతం మంది టీచర్ల చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వీటిని నిషేధించింది 2009లో. అంతకుముందు తరాల వాళ్లకు గోడకుర్చీ, తొడపాశం తెలియనిది కాదు. ఇంకో పద్ధతి కూడా గుర్తుండే ఉంటుంది. జవాబు చెప్పిన పిల్లవాడి చేత చెప్పలేనివాళ్ల ముక్కు పట్టించి చెంపలు వాయించడం. మాస్టారు బయటికి వెళ్తూ ఒంట్లో బలమున్నవాణ్ణి లీడరుగా నిలబెట్టి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమనడం. పేరు రాయకుండా ఉండటానికి వాడు అడిగినది ఇవ్వడం. బలవంతుడి మాట చెల్లడమే క్రమశిక్షణ అని ఆ పిల్లవాడికి నేర్పింది ఎవరు? మన రౌడీ జ్ఞాపకాల్లో మాస్టారు ఎప్పుడూ ఫ్రేమ్ బయటే ఉంటాడు. ఆయన్ని కాస్త లోపలికి జరపాలని నా వాదన.

అలాగే ఫ్రేమ్ బయట ఉండిపోయిన ఇంకో గుంపు మనమే. టొరంటోలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ బళ్ల ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి చూస్తే, పది సంఘటనల్లో ఎనిమిదికి పైగా తోటి పిల్లల కళ్ల ముందే జరిగాయి. అడ్డుపడినవాళ్లు చాలా తక్కువ. అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా పది సెకన్లలోపే గొడవ ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి 1996లోనే చెప్పారు: కొట్టేవాడు, తినేవాడు ఇద్దరే కాదు, పక్కన చేరి పట్టుకునేవాడు, నవ్వేవాడు, చూడనట్టు పోయేవాడు, బాధితుడి పక్కన నిలబడేవాడు, అందరూ ఆ నాటకంలో పాత్రధారులే అని. ఫిన్లాండ్ బళ్లలో నడిచిన 'కివా' కార్యక్రమం కొట్టేవాణ్ణి దిద్దడం కంటే చూసేవాళ్లను కదిలించడం మీదే ఎక్కువ పెట్టుబడి పెట్టింది. అది తెలివైన పని. నవ్వేవాళ్లు లేకపోతే కొట్టడంలో సగం సరదా పోతుంది.

అమ్మాయిల గురించి ఈ అధ్యయనాలు చెప్పేది స్వల్పం. చాలావరకు పిల్లలంటే అబ్బాయిలే వీటిలో. ఇవి దాదాపు అన్నీ మన బళ్లకంటే డబ్బూ, మాస్టర్లూ ఎక్కువున్న దేశాలవి అన్న సంగతి కూడా మరచిపోకూడదు.

ముదిరిన మొక్క వంగదా? దీనికి మంచి జవాబు ఒక నేలమాళిగలో దొరికింది. 1940ల్లో షెల్డన్, ఎలినార్ గ్లూక్ దంపతులు బోస్టన్‌లో సంస్కరణ పాఠశాలలకు పంపిన 500 మంది అబ్బాయిలను, అలాంటి వాడలకే చెందిన మామూలు అబ్బాయిలు 500 మందిని పోల్చి చూశారు. ఆ కాగితాలు హార్వర్డ్ లా స్కూల్ గ్రంథాలయం నేలమాళిగలో పెట్టెల్లో పడి ఉంటే, 1980ల్లో రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ వాటిని బయటకు తీశారు. ఆ సంస్కరణ పాఠశాల పిల్లలను డెబ్బై ఏళ్ల వయసు దాకా వెంబడించారు. ఎవరు ఎప్పుడు నేరం మానేస్తారో చిన్ననాటి లక్షణాలను బట్టి ముందే చెప్పడం సాధ్యం కాలేదు. దారి మళ్లించినవి తర్వాత వచ్చాయి: నిలకడైన ఉద్యోగం, మనసు కలిసిన పెళ్లి, సైన్యంలో కొన్నేళ్లు, పాత స్నేహాల నుంచి దూరం. ఆలస్యంగానైనా దాదాపు అందరూ తగ్గారు. మాను వంగింది, ఇరవై ఏళ్లు పట్టినా.

మన చట్టం ఈ సంగతిని ఊరికంటే బాగా అర్థం చేసుకుంది. 2015 బాల న్యాయ చట్టం పిల్లలకు 'కొత్తగా మొదలుపెట్టే' హక్కును మూలసూత్రంగా చెప్పింది. బాల్యంలో చేసిన నేరం పెద్దయ్యాక అనర్హత కాకూడదంది, గడువు తర్వాత ఆ రికార్డులను చెరిపేయమంది. అదే చట్టం 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత పెల్లుబికిన కోపానికి కూడా చోటిచ్చింది. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే ప్రాథమిక పరిశీలన తర్వాత పెద్దవాడిగా విచారించవచ్చు. ఒకే చట్టంలో రెండు మనసులు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచే రౌడీ షీట్ ఇంకో లోకం. పండగ వచ్చినా, ఎన్నికలు వచ్చినా స్టేషన్‌కు పిలుపు, కౌన్సెలింగ్ పేరిట హెచ్చరిక. ప్రమాదకరమైన మనిషి మీద నిఘా వద్దని ఎవరూ అనరు. అలవాటుగా నేరం చేసేవాడి మీదే షీట్ తెరవాలని హైకోర్టులు పదే పదే గుర్తుచేయాల్సి వస్తోందంటే, ముద్ర వేయడం ఎంత తేలికగా జరుగుతోందో ఊహించవచ్చు. బడిలో పడిన ముద్ర స్టేషన్ దాకా వెళ్తే దాన్ని చెరపడం ఉద్యోగమిచ్చేవాడి తరమూ కాదు, పెళ్లి సంబంధం చూసేవాళ్ల తరమూ కాదు. శాంప్సన్, లాబ్ చెప్పిన మలుపుల్లో ఉద్యోగం, పెళ్లి రెండూ మూసుకుపోతాయి.

ఇదంతా చెప్పినంత మాత్రాన కొట్టినవాణ్ణి క్షమించమని దెబ్బలు తిన్నవాణ్ణి ఎవరూ అడగకూడదు. 1958లో ఒకే వారంలో పుట్టిన బ్రిటన్ పిల్లలను యాభై ఏళ్లు వచ్చేదాకా చూసిన అధ్యయనంలో, ఏడు, పదకొండేళ్లప్పుడు తోటివాళ్ల వేధింపులు భరించినవాళ్లకు నలభై ఏళ్ల తర్వాత కూడా దిగులు, ఆందోళన ఎక్కువ, తోడు నిలిచేవాళ్లు తక్కువ. కొట్టినవాడు మారి ఎరువుల కొట్టు పెట్టుకున్నా, తిన్నవాడి లెక్క మూసుకోలేదు. పాత మిత్రులు కలిసినచోట ఆ దెబ్బలను తమాషాగా చెప్పి నవ్వేముందు, తిన్నవాడు ఆ గదిలో ఉన్నాడేమో చూసుకోవాలి. చాలాసార్లు వాడు రాడు. రాకపోవడమే వాడి జవాబు.

నా తీర్పు ఇది. కొట్టే పిల్లవాడు జాతకం కాదు, ఫిర్యాదు. ఎక్కడో ఏదో తప్పుతోందని అందరి కళ్లకూ కనబడేలా చెబుతున్న ఫిర్యాదు. అది అందిన రోజున పట్టించుకోకుండా, పాతికేళ్ల తర్వాత పత్రికలో ఫొటో చూసి 'అప్పుడే అనుకున్నా' అనడం వల్ల హతుడికీ లాభం లేదు, హంతకుడికీ లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది 1997లో. కాలేజీల్లో దానివల్ల కొంత భయం వచ్చింది. బళ్ల మీద ఆ చూపు పడలేదు. సీబీఎస్ఈ 2015లో ప్రతి బడిలో వేధింపుల నిరోధక కమిటీ ఉండాలని సర్క్యులర్ ఇచ్చింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో తీర్పు ఇస్తూ, వంద, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించాలని ఆదేశించింది. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే అమల్లో ఉంటాయి. ఈ వేసవిలో పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మీ పాత బడికి వెళ్తే, బెంచీలకూ ఫ్యాన్లకూ చందా ఇచ్చేటప్పుడు హెడ్మాస్టరు గారిని ఒక్క మాట అడగండి: ఆ కౌన్సెలర్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు వస్తారు? ఎవరూ లేరంటే ఆ సంగతి డీఈవోకు రాతపూర్వకంగా రాయండి.